తోకసీసా

యూరియా లారీ వచ్చిన రోజున గజపతినగరం బజారులో మనుషుల కన్నా ముందు చెప్పులు నిలబడతాయి. మొదటి ఆటోకి వచ్చిన రైతులు తిరుమలరావు ఎరువుల కొట్టు ముందు చెప్పులు వరసలో వదిలి, ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర కూర్చుంటారు. షట్టరు లేచిన చప్పుడు వినగానే ఎవరి చెప్పుల్లో వాళ్ళు దూరతారు. ఆ వరసలో తగాదా రావడం తక్కువ. వచ్చేదల్లా బల్ల దగ్గరికి చేరాకే.

బల్ల వెనక తిరుమలరావు భార్య రాజకుమారి కూర్చుంటుంది. రైతు వేలు వేలిముద్రల మిషను మీద పెట్టించి, బిల్లు రాసి, కాగితం చింపి ఇస్తుంది. కళాసీ కొక్కెం వేసి బస్తా లాగుతాడు. అప్పుడు తిరుమలరావు పక్కనున్న అట్టపెట్టెలో చెయ్యి పెట్టి, ఒక ప్లాస్టిక్ సీసా తీసి ఆ బస్తా మీద నిలబెడతాడు. సీసా మీద వరికంకి బొమ్మ, లోపల ఆకుపచ్చ నీళ్ళు. పైరుకు బలమట. కావాలని ఏ రైతూ అడిగిన పాపాన పోలేదు. కానీ సీసా తీసుకోకపోతే బస్తా గుమ్మం దాటదు, సీసా ఖరీదు బిల్లులో పడకా తప్పదు.

ఆ రోజు వరసలో ముందున్నది బొండపల్లి వైపు నుంచి వచ్చిన అసిరమ్మ. బస్తా మీద సీసా పడగానే ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఈ తోకసీసా నాకొద్దు బాబూ. ఇచ్చినియ్యే ఇంట్లో ఉన్నాయి. గాలికి తలుపు కొట్టుకోకండా అడ్డం పెట్టుకుంటన్నాను."

"ఒద్దంటే ఎలాగప్పా? కంపెనీవోడు ఇవి తీసుకుంటేనే లోడు ఇస్తానంటన్నాడు. వాడు మాకు కట్టబెడితే మేం మీకు కట్టబెట్టక ఏం చేస్తాం?" అన్నాడు తిరుమలరావు.

"వోడు నీకు కట్టినాడు, నువ్వు నాకు కట్టినావు. మరి నానెవులికి కట్టాల? మా దూడకా?"

వరసంతా గొల్లున నవ్వింది. రాజకుమారికి కూడా నవ్వొచ్చింది, తలొంచుకుని బిల్లు పుస్తకంలోకి నవ్వింది. నవ్వుతూనే చేత్తో సీసాని మళ్ళీ బస్తా మీదికి జరిపింది. అలవాటైన చెయ్యి అది. అసిరమ్మ బస్తా నెత్తికెత్తించుకుని, సీసా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వీపు చూస్తుంటే రాజకుమారికి నవ్వు పోయి సిగ్గు మిగిలింది. ఈ సిగ్గు కొత్తది కాదు. ఈ వానాకాలమంతా ఉంది. అది పట్టలేకే ఆమె ఒక పని చేసింది, మొగుడికి తెలియకుండా.

తెలుగు సర్వస్వం అని ఇంటర్నెట్టులో ఒకటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక రాజకుమారి ఫోనులో దానికి రాస్తూ ఉంటుంది. రామతీర్థం కొండ మీది పాత ఇటుక కట్టడాల గురించి రాసింది, తమ ఊరి సంత గురించి రాసింది. ఈమధ్య 'తోకసీసా' అని ఒక చిన్న వ్యాసం పెట్టింది. యూరియా బస్తాతో పాటు రైతు చేత బలవంతంగా కొనిపించే మందు సీసా అనీ, ఉత్తరాంధ్ర రైతులు దానికి ఈమధ్యనే ఈ పేరు పెట్టుకున్నారనీ, బస్తా వెంట తోకలా వస్తుంది కాబట్టి ఆ పేరనీ, ఈ సీసా లేకుండా బస్తా ఇవ్వరనీ రాసింది. అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.

ఆ మధ్యాహ్నం తెరిచి చూస్తే వ్యాసం నెత్తిన ఎర్రడబ్బా ఉంది. 'తొలగింపు ప్రతిపాదన. కొత్తగా పుట్టిన మాట. అచ్చులో ఆధారం లేదు. నాలుగు నాళ్ళలో మాసిపోయే మాటలకు విజ్ఞానసర్వస్వంలో చోటుండదు. ఆదివారం లోపు ఆధారం చూపగలరు.' కింద దేవేంద్ర అని సంతకం. సర్వస్వం నిర్వాహకుల్లో ఒకడు, రాజమహేంద్రవరం మనిషి. ఏది ఉండాలో ఏది పోవాలో చివరి మాట అతనిదే.

రాజకుమారికి ఒళ్ళు మండింది. చర్చాపేజీలో టకటకా కొట్టింది: 'ఆధారం కావాలంటే యూరియా వచ్చిన రోజున మా ఊరు రండి. వరసలో నిలబడి ఉంటుంది.'

జవాబు వెంటనే వచ్చింది. 'నోటిమాట ఆధారం కాదండీ. అచ్చయి ఉండాలి, బహిరంగంగా ఉండాలి, ఎవరు రాశారో తెలియాలి. అది లేకుండా ఎవరేమన్నా ఎక్కించుకుంటూ పోతే ఇది విజ్ఞానసర్వస్వం కాదు, రచ్చబండ అవుతుంది.'

ఆ నియమం తప్పని ఆమె అనలేదు. కిందటేడు ఎవరో సినిమా హీరో అభిమాని అతనికి లేని బిరుదులన్నీ తగిలించి వ్యాసం రాస్తే, ఈ దేవేంద్రే దాన్ని పీకేశాడు. అప్పుడు శభాష్ అన్నవాళ్ళలో తనూ ఉంది. ఆమెను మండించింది వేరే. అదే సర్వస్వంలో 'చతురస్ర సంకేతిక' అని ఒక వ్యాసం హాయిగా కూర్చుని ఉంది. కొట్లలో డబ్బులు కట్టడానికి ఫోను చూపించే నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఉంటుందే, దానికి ఎవరో పదాలు తయారుచేసే సంఘంవారు పెట్టిన పేరు. వాళ్ళ పత్రికలో వాళ్ళే అచ్చేసుకున్నారు. అచ్చయింది కాబట్టి ఆధారం ఉంది.

మర్నాడు ఆమె ఆ మాటను కొట్టులో వాడి చూసింది. ముందుగా దొరికినవాడు నూకయ్య. పురుగుమందు కొనుక్కుని ఫోను తీశాడు.

"ఆ చతురస్ర సంకేతిక మీద పెట్టు బావా," అంది రాజకుమారి మొహం బిగబట్టుకుని.

నూకయ్య ఫోను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. "అదేటమ్మా, ఇంకో కొత్త మందా? ఇకనించి అది కూడా కడతన్నారేటి?"

సాయంత్రం దాకా చాలామంది మీద ఆ మాట విసిరింది. ఒకడు వెనక్కి తిరిగి చూశాడు, ఒకామె నాకు జింకు చాలు అంది. ఎవరికీ అర్థం కాలేదు. 'తోకసీసా' ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రాజకుమారి ఇదంతా పొల్లుపోకుండా చర్చాపేజీలో పెట్టింది. సంఘంవారు అచ్చేసుకున్న మాటకు ఊళ్ళో మనిషి లేడు, ఊళ్ళు వాడుతున్న మాటకు మీ దగ్గర చోటు లేదు, ఇదేం న్యాయం అని అడిగింది.

దేవేంద్ర కోప్పడలేదు. 'ఆ వ్యాసం మీద కూడా మీరు తొలగింపు చర్చ పెట్టవచ్చు. కానీ ఆ వ్యాసం బలహీనమైనంత మాత్రాన మీ వ్యాసం బలపడదు' అని రాశాడు. ఆ మాటలో సబబు ఉంది. ఉన్నందుకే ఆమెకు మరింత ఉక్రోషం వచ్చింది.

పోనీ ఈ మాట మొదట ఎవరి నోట పుట్టిందో కనుక్కుందామని చూసింది. నూకయ్యని అడిగితే అసిరమ్మ దగ్గర విన్నానన్నాడు. అసిరమ్మని అడిగితే తన కోడలు అందంది. ఆ కోడలు ఎరువుకి వచ్చినప్పుడు అడిగితే, "నానెక్కడ పుట్టించగలనమ్మా, ఆటోలో అందరూ అంటంటే అన్నాను" అని భయపడిపోయింది. భయం చూసి రాజకుమారి ఇక అడగడం మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎరువుల డీలర్ల సంఘం వాళ్ళు తిరుమలరావు ఇంటి ముందు గదిలో చేరారు. కొట్టు వెనకే ఇల్లు. సంఘానికి ధనరాజ్ అధ్యక్షుడు, తిరుమలరావు కార్యదర్శి. రాజకుమారి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చేసరికి ధనరాజ్ ఫోను అందరికీ చూపిస్తున్నాడు. తెర మీద ఉన్నది తన వ్యాసమే. పళ్ళెం బల్ల మీద దింపేసి గోడవార నిలబడింది.

"రైతులంటే అన్నారు, ఇప్పుడు ఎవడో దీన్ని ఇంటర్నెట్టులో కూడా ఎక్కించేశాడు. రేపు కలెక్టరాఫీసులో చూస్తే మన లైసెన్సులు ఉంటాయా?" అన్నాడు ధనరాజ్. "ఈ మాట అన్నవాడికి సరుకు లేదని నోటీసు కొట్టిద్దాం. అన్ని కొట్ల మీదా అతికిద్దాం. చెల్లెమ్మా, నీ తెలుగు బాగుంటుంది గదా, నువ్వు రాయమ్మా."

"నేను రాయను అన్నయ్యగారూ," అంది రాజకుమారి.

తిరుమలరావు భార్య వైపు చూశాడు.

"ఎందుకని?"

"వాళ్ళన్న మాటలో అబద్ధమేటుంది? సీసా కట్టేది మనం. పేరు పెట్టింది వాళ్ళు."

ధనరాజ్ ఆ మాటను ఆడవాళ్ళ చాదస్తం కింద కొట్టేసి కాగితం తిరుమలరావు ముందుకు తోశాడు. తిరుమలరావు రాశాడు. 'యూరియాతో పాటు ఇస్తున్న పోషక ద్రావణాన్ని కొందరు ఒక అవమానకరమైన మాటతో పిలుస్తున్నారు. ఆ మాట వాడిన వారికి ఇకపై సరుకు ఇవ్వబడదు.' చదివి వినిపించాడు. అందరూ బాగుందన్నారు, జగన్నాధం తప్ప. జగన్నాధానికి మెంటాడ దారిలో కొట్టుంది.

"ఏ మాటో రాయకపోతే ఎలా? రైతు వచ్చి ఏ మాట అనకూడదు బాబూ అని అడుగుతాడు. అడిగినవాడికల్లా మన నోటితో మనమే చెప్పుకోవాలి. అదేదో కాగితం మీద రాసీండి, గోల వదులుతాది."

సబబే అనిపించింది అందరికీ. తిరుమలరావు కలం పట్టుకుని ఆగి, "రాయమంటావా?" అన్నట్టు భార్యని చూశాడు. రాజకుమారికి దేవేంద్ర అడిగిన అచ్చు గుర్తొచ్చింది. రాయమనలేదు, వద్దనీ అనలేదు. ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నకి ప్రతి ఎరువుల కొట్టు షట్టరు మీదా పసుపుపచ్చ కాగితం ఉంది. మధ్యలో లావుపాటి అక్షరాలతో 'తోకసీసా'. కింద తేదీ, సంఘం పేరు, కార్యదర్శిగా తిరుమలరావు పేరు. ఆ మాట ఎన్నడూ వినని ఊళ్ళవాళ్ళు కూడా కాగితం ముందు నిలబడి పైకే చదువుకున్నారు. చదివి, కొట్టులో ఉన్న అట్టపెట్టెల వైపు చూసి, అర్థమై నవ్వుకున్నారు. కూరగాయల గంపలవాళ్ళు, రాయగడ రైలుకి వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చదివారు. ఎవరో ఫోటో తీసి పంపితే ఎక్కడెక్కడికో పోయింది. శ్రీకూర్మం దగ్గరున్న రాజకుమారి చెల్లెలు ఫోను చేసి, "మీ ఊళ్ళో తోకసీసా అంటే ఎరువివ్వరటగదా అక్కా, మా వోళ్ళందరూ ఇప్పుడు అదే అంటన్నారు" అని పడీపడీ నవ్వింది.

రాజకుమారి తన కొట్టు షట్టరు ముందు నిలబడి ఆ కాగితాన్ని చూసింది. అచ్చయింది. బహిరంగంగా ఉంది. ఎవరు రాశారో ఉంది. దేవేంద్ర అడిగినవన్నీ అందులో ఉన్నాయి. ఫోటో తీసింది, బొమ్మలో కొట్టు బోర్డు కూడా పడేటట్టు. తీశాక చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పంపడం చిటికెలో పని. ఆ కింద ఉన్న పేరు మాత్రం తన మొగుడిది.

దొంగచాటుగా పంపడం ఆమెకు ఇష్టం లేదు. వ్యాసం చాటుగా రాసింది చాలు అనుకుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తిరుమలరావుకి వడ్డించి, తను కూడా ఎదురుగా కూర్చుంది.

"సర్వస్వంలో ఆ తోకసీసా సంగతి రాసింది నేనే."

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నువ్వా?"

"నేనే. దానికి ఆధారం లేదని తీసేస్తామంటన్నారు. మీ నోటీసు పెడితే ఉంటాది. పెడతాను. మీకు చెప్పి పెడదామని ఆగాను."

"నా పేరు ఉన్నాది దాని మీద!"

"ఉన్నాది."

"లోకమంతా చూస్తుంది రాజీ."

"చూడాలనే గదా ప్రతి షట్టరుకీ అతికించారు."

తిరుమలరావు ముఖం ఎర్రబడింది. "ఇంటి గుట్టు బజార్న పెడతావా?"

"గుట్టేటి? బస్తా మీద సీసా పెట్టేది పట్టపగలే గదా. అంత వరసా చూస్తూనే ఉంటాది."

అతను మెతుకులు కెలుకుతూ గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం ఇష్టమా, ఆ సీసా పెట్టడం? అసిరమ్మ మొహం చూడలేకపోతన్నాను."

"ఆ సంగతి ఎక్కడైనా రాశారా? మీరు రాసింది ఇదొక్కటే. రెండోది రాస్తే అదీ పెడతాను."

అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. రాజకుమారి ఫోను తీసి ఫోటో పంపింది. కింద ఇలా రాసింది: 'ఈ నోటీసు మీద ఉన్న పేరు నా భర్తది. బొమ్మలో ఉన్న కొట్టు మాది. ఈ సీసా బిల్లులో రాసేది నేనే. ఇది దాచి వాదించడం నాకు ఇష్టం లేదు.'

ఆదివారం సాయంత్రం దేవేంద్ర తీర్పు వచ్చింది. 'ఒక మాట ఉందని దాన్ని ఇష్టపడేవాళ్ళు చెప్పడం వేరు. దాన్ని ఆపాలనుకునేవాళ్ళే పేరు పెట్టి అచ్చువేయడం వేరు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం అడగలేను. వ్యాసం ఉంటుంది. అయితే మీరు ఆ వ్యాపారంలో ఉన్నారు కాబట్టి, నియమం ప్రకారం ఇకమీదట ఈ వ్యాసంలో మీరు ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. నిజం చెప్పినందుకు మీ మీద గౌరవం ఉంది. నియమం మాత్రం నియమమే.'

ఎర్రడబ్బా పోయింది. తను పుట్టించిన వ్యాసం తన చేతికి అందకుండా పోయింది. గెలిచినట్టూ ఉంది, గుమ్మం బయట నిలబెట్టినట్టూ ఉంది. చదివిందే మళ్ళీ చదివింది. చివరి వాక్యం దగ్గర కన్ను ఆగింది. 'ఈ సీసా లేకుండా బస్తా ఇవ్వరు' అని తను రాసిన వాక్యమే. అది ఇప్పుడు తను దిద్దడానికి లేదు. దిద్దాలంటే ఒకటే దారి. రాయడం తన చేతిలో లేకపోయినా, అమ్మడం ఉంది.

తిరుమలరావు ఆ రెండు రోజులూ కూర ఏమిటని కూడా అడగలేదు.

మళ్ళీ లారీ వచ్చిన రోజున చెప్పుల వరస టీ బడ్డీ దాటి పోయింది. ఈసారి లోడుతో పాటు కంపెనీ మనిషి కూడా దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. నోటీసు గొడవ అతనిదాకా వెళ్ళినట్టుంది, అట్టపెట్టెలు సరిగ్గా దిగుతున్నాయో లేదో చూడటానికి గుమ్మంలోనే నిలబడ్డాడు. కళాసీలు బస్తాల మీద పడ్డారు. ఎండ ముదురుతోంది, వెనక ఇంకో లారీ హారన్ కొడుతోంది. తిరుమలరావుకి చిరాకు నసాళానికంటింది.

"ఒరే, బస్తాలు తర్వాత! పెట్టెలు దారికి అడ్డంగా ఉన్నాయి, ముందు ఆ తోకసీసాలు లాగీండి!"

తన నోట్లోంచి వచ్చిందేమిటో తిరుమలరావుకి అన్నాకే వినిపించింది. అతని తల పక్కనే షట్టరు మీద పసుపుపచ్చ కాగితం గాలికి అల్లాడుతోంది. వరస చివర ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ నవ్వేశారు. కళాసీలు పెట్టెలు దింపేసి మరీ నవ్వారు.

"ఏమన్నారు సార్?" అన్నాడు కంపెనీ మనిషి.

తిరుమలరావు వేరే పేరేదైనా చెబుదామని వెతికాడేమో, దొరకలేదు. భార్య వైపు చూశాడు. రాజకుమారి అప్పటికే మొదటి బిల్లు రాసేసింది. ముందున్నది అసిరమ్మే. బిల్లులో బస్తా ఒక్కటే ఉంది.

కంపెనీ మనిషి వంగి చూశాడు. "మేడమ్, సీసా రాయలేదు."

"అడగలేదు. అడిగినవాళ్ళకి రాస్తాను."

"ఇలాగైతే వచ్చే లోడు రాదండీ."

"రాకపోతే రాలేదని షట్టరు మీద కాగితం అతికిస్తాం. ఎందుకు రాలేదో, ఎవరు పంపలేదో కూడా అందులో రాస్తాం. మాకు అలవాటే," అంది రాజకుమారి.

అతను తిరుమలరావు వైపు తిరిగాడు. "చూడండి సార్, ఏమంటున్నారో."

తిరుమలరావు చెమట తుడుచుకున్నాడు. అట్టపెట్టె తెరిచే ఉంది. అతని చెయ్యి అలవాటు కొద్దీ దాని దాకా వెళ్ళి, అంచు పట్టుకుని ఆగింది. వరసంతా ఆ చెయ్యినే చూస్తోంది. అతను పెట్టె మూతలు రెండూ మడిచి, కాలితో గోడ వైపు నెట్టేశాడు.

"బిల్లు రాసేది ఆవిడ," అన్నాడు.

కళాసీ బస్తా ఎత్తి అసిరమ్మ నెత్తిన పెట్టాడు. ఆమె ఒక చేత్తో బస్తా పట్టుకుని, రెండో చెయ్యి బల్ల మీదికి చాపింది, ఎప్పటిలాగే, సీసా కోసం. అందులో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆమె ఆ ఖాళీ చేతిని చూసుకుంది, తిరుమలరావుని చూసింది.

"సూస్తావేటప్పా," అన్నాడు తిరుమలరావు. "ఎల్లు, వెనకాల జనం ఉన్నారు."

అసిరమ్మ ఆ రెండో చెయ్యి కూడా బస్తాకి వేసి, గుమ్మం దాటింది.